ఎడమ పక్క ఆరడుగులు

ఆ రోజు కారు తలుపు తీసింది నేనే.

చిక్కడపల్లి, సాయంత్రం ఆరున్నర. మెట్రో స్తంభాల పక్కన ఒక మిఠాయి దుకాణం ముందు బండి ఆపాను. చెవి దగ్గర ఫోను, మనసు ఎక్కడో. కుడిచేత్తో తలుపు తోశాను. ఠప్పుమని చప్పుడు. తలుపు నా చేతిలోంచి విసురుగా వెనక్కొచ్చింది. తల తిప్పి చూసేసరికి రోడ్డు మీద సైకిల్ అడ్డంగా పడి ఉంది, దాని ముందు చక్రం ఇంకా తిరుగుతోంది.

పడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి. లేచి మొదట మోకాలు చూసుకోలేదు, క్యారియర్‌కు కట్టిన స్టీలు టీ క్యాను చూసుకున్నాడు. కొళాయి వంగిందా, మూత ఊడిందా అని తడిమాడు. కాగితపు గ్లాసుల దొంతర ఏరుకుని దులిపాడు. అప్పుడు నా వైపు తిరిగి, "ఏం గాలే సార్, చాయ్ ఒలకలే" అన్నాడు.

ఒలికి ఉండేది ఏమిటో నాకు అప్పుడు కనిపించింది. అతను పడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో సిటీ బస్సు ఆగి ఉంది. డ్రైవరు స్టీరింగు మీద వాలిపోయి ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఆ నాలుగడుగులు నా పుణ్యం కాదు, ఆ డ్రైవరు పుణ్యం.

ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాను. తలుపు తీసే ముందు అద్దంలో చూశాననే ఇప్పటికీ అనుకుంటున్నాను. అందులో ఆ సైకిల్ కూడా ఉండే ఉంటుంది. నా కన్ను వెతికింది మాత్రం కార్ల కోసం, బస్సుల కోసం. నాకు దెబ్బ తగిలించగల వాటి కోసం.

ఆ పరిచయంతో నేను ఆ టీ అన్నకు ఖాతాదారుణ్ణయ్యాను. రాత్రి తొమ్మిది దాటాక అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లో, ఉద్యోగాల కోసం చదువుకునే పిల్లల మధ్య ఆయన సైకిల్ ఆగుతుంది. నేనూ వెళ్లి నిలబడతాను. ముషీరాబాద్ వైపు నుంచి అశోక్‌నగర్ దాకా, అక్కణ్నుంచి నారాయణగూడ దాకా ఆయన రోజూ ఎలా వస్తాడో, ఏ గుంత ఎక్కడుందో, ఏ మలుపులో ఎవరు తొక్కేస్తారో చెబుతుంటే విన్నాను. విన్నది చాలక ఒక పాత సైకిల్ కొని రెండు నెలలు ఆఫీసుకు తొక్కాను. ఈ కథనం ఆ రెండు నెలలది, దానికి ముందరి ఇరవై ఏళ్లది కూడా.

కనబడని బండ్లు

సైకిల్ అంటే ఇప్పుడు మనకు రెండు బొమ్మలు. ఒకటి పాత జ్ఞాపకం: గంటకింతని అద్దె సైకిల్, కైంచీ తొక్కుడు, రాత్రి డైనమో లేకపోయినా వెనక ఒకణ్ని ఎక్కించుకున్నా గాలి తీసేసే కానిస్టేబుల్. రెండోది కొత్త మోజు: ఆదివారం ఉదయం హెల్మెట్లు, బిగుతు బట్టలు, లక్ష రూపాయల బండ్లు, నెక్లెస్ రోడ్డు మీద సెల్ఫీలు. ఈ రెంటి మధ్యా మూడో సైకిల్ ఒకటుంది. అది నగరంలో ఏనాడూ ఆగలేదు. తెల్లారకముందే పేపర్లు వేసేది అదే. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయేది దాని మీదే. సెంట్రింగు పనివాళ్లు, వంటమనుషులు, కత్తులు సాన పట్టేవాళ్లు, కొబ్బరి బోండాల వాళ్లు, పరుపుల దూది ఏకేవాళ్లు దాని మీదే తిరుగుతారు. వీళ్లలో ఎవరూ తమను సైక్లిస్టులు అనుకోరు. ఆ మాట పేపర్లలో మా పాత్రికేయులు రాసుకునేది. వాళ్లకు అది బండి, అంతే.

2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్లలో సైకిల్ ఉందని తేలింది. కారున్న ఇళ్లు అందులో తొమ్మిదో వంతు కూడా లేవు. ఈ దశాబ్దిన్నరలో ఆ లెక్క మారే ఉంటుంది, కానీ తలకిందులైపోలేదు. అయినా రోడ్డు వెడల్పు అంటే కార్ల వరసలనే లెక్కపెడతాం. 2020లో దేశంలోని పేరున్న సైకిల్ కంపెనీ అట్లాస్ తన సాహిబాబాద్ ఫ్యాక్టరీని మూసేసింది. ఆ రోజు జూన్ 3, ప్రపంచ సైకిల్ దినోత్సవం. కథలో రాస్తే కల్పన ముదిరిందంటారు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో సైకిల్ మీద వెళ్తున్నవాళ్లు 4,800 పైచిలుకు. నూటికి మూడు కూడా లేదు కదా అని తీసిపారేయబోయి ఆగాను. రోజుకు పదమూడు మంది. సైకిలిస్టు చేతిలో కారులోని మనిషి చచ్చిపోయాడన్న వార్త మాత్రం నా ఉద్యోగ జీవితంలో ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. రోడ్డు అందరిదీ అంటాం కానీ, దాని మీద చావు అందరికీ ఒకే తూకంలో పడదు.

ఆ ఆరడుగుల్లో ఏముంది?

కారులో ఉన్నప్పుడు నాకు సైకిల్ వాళ్ల మీద ఒక్కటే ఫిర్యాదు. 'ఎడమ పక్కగా తిన్నగా పోవచ్చు కదా, మధ్యలోకి ఎందుకు వస్తాడు?' అని. సైకిల్ ఎక్కిన మొదటి వారంలోనే జవాబు దొరికింది. ఎడమ పక్క అనేదే లేదు.

రోడ్డుకు ఎడమ అంచున ఆరడుగులు తీసుకోండి. మొదటి రెండడుగుల్లో ఇసుక, గాజు పెంకులు, వాన పడితే నిలిచిపోయే నీళ్లు. తారు మీద తారు వేసుకుంటూ పోవడంతో మ్యాన్‌హోల్ మూతలు గిన్నెల్లా లోపలికి దిగిపోయి ఉంటాయి. కాలువ జాలీల కడ్డీలు కొన్నిచోట్ల రోడ్డు పోయే దిక్కుకే ఉంటాయి, సన్న టైరు సరిగ్గా ఆ సందులో ఇరుక్కుంటుంది. తర్వాతి నాలుగడుగుల్లో ఆపిన కార్లు, ఆటోలు, తోపుడు బండ్లు. వాటిని తప్పించుకుని కుడికి జరిగితే, వెనకనుంచి వచ్చేవాడి కంటికి ఆ సైకిల్ "ఉన్నట్టుండి అడ్డమొచ్చింది".

"అడ్డమొచ్చుడు ఏముంది సార్?" అన్నాడు టీ అన్న. "ముందల గుంత ఉన్నదని నాకు ఎరక. వెనక నువ్వున్నవని ఎరక లేదు. నాకేమన్న అద్దమున్నదా?"

నిజమే, సైకిల్‌కు అద్దం లేదు. వెనక ఏం వస్తోందో తెలియాలంటే మెడ తిప్పాలి. మెడ తిప్పితే హ్యాండిల్ కూడా ఆ పక్కకే అర జానెడు లాగుతుంది. కొత్తగా తొక్కేవాళ్లకైతే జానెడు. వెనక ఇరవై లీటర్ల క్యానో, రెండు బస్తాలో ఉంటే ఇంకా ఎక్కువ. ఎక్కుడు రోడ్డు మీద, వేగం తగ్గిన చోట, సైకిల్ నిలబడాలంటేనే అటూ ఇటూ ఊగాలి. కారు నడిపే మనం దాన్ని తాగినవాడి నడక అనుకుంటాం. రెండు చక్రాల మీద నిలకడ అంటే ఆ ఊగుడే.

అందుకే దాటేటప్పుడు ఎడం కావాలి. బ్రిటన్ 2022 జనవరిలో తన రోడ్డు నియమావళిని సవరించినప్పుడు, గంటకు 30 మైళ్ల లోపు వేగంలో సైకిల్‌ను దాటే కారు కనీసం మీటరున్నర వదలాలని రాసింది. జర్మనీ 2020లోనే ఊళ్లో మీటరున్నర, ఊరి బయట రెండు మీటర్లు అని చట్టం చేసింది. మన దగ్గర 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు పాదచారులు, సైకిల్ వాళ్లు, పిల్లలు, వృద్ధుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త తీసుకోమంటాయి. మాట బాగుంది, కొలత లేదు. కొలత లేని జాగ్రత్తకు ఎవరి లెక్క వాళ్లది.

నా లెక్క చెబుతాను. కారు తలుపు పూర్తిగా తెరిస్తే బయటికి వచ్చేది దాదాపు మూడడుగులు. సైకిల్‌ను దాటేటప్పుడు నా ఎడమ తలుపు బార్లా తెరిచి ఉందని ఊహించుకుంటాను. అప్పుడు కూడా తలుపు అంచుకూ అతని మోచేతికీ మధ్య ఇంకో మనిషి పట్టాలి. పట్టకపోతే దాటను, వెనకే వెళ్తాను. దానివల్ల పోయేది ఎంత? నారాయణగూడ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా రెండు నెలలు గమనించాను. నన్ను హారన్ కొట్టి తోసుకుంటూ దాటిపోయిన కార్లలో చాలా వాటిని తర్వాతి సిగ్నల్ దగ్గర నేనే పక్కనుంచి పలకరించాను.

హారన్ సంగతి వచ్చింది కనుక ఒక మాట. సైకిల్ వెనక హారన్ కొట్టడం సాయం అనుకుంటాం, 'నేనున్నాను, జరుగు' అని. తొక్కేవాడికి వినిపించేది దిక్కులేని అరుపు. ఎటు జరగాలో చెప్పదు, గుండె మాత్రం ఒక్కసారి ఎగిరిపడుతుంది, చెయ్యి వణుకుతుంది. దూరం నుంచి ఒకసారి చిన్నగా కొడితే చాలు. నడుం దగ్గరికి వచ్చి మోగించేది హెచ్చరిక కాదు, తోపు.

ఇక తలుపు. డచ్చివాళ్లకు ఒక అలవాటు ఉంది. తలుపు తీయడానికి దాని పక్కనున్న చెయ్యి కాకుండా అవతలి చెయ్యి వాడతారు. మన కార్లలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు కాబట్టి ఎడమచేత్తో తీయాలి. అలా తీసి చూడండి. భుజం తిరుగుతుంది, మెడ తిరుగుతుంది, చూపు వెనక్కి పోతుంది. అద్దంలో చూడాలని గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఒళ్లే చూసిపెడుతుంది. క్యాబుల్లో మనం చేసే పని ఇంకా ఘోరం. రోడ్డు మధ్యలోనే ఆపించి, ఎడమ తలుపు తీసుకుని దిగిపోతాం. బండికీ కాలిబాటకూ మధ్య ఆ సందులోంచే కదా సైకిల్ వచ్చేది!

ఫ్రీ లెఫ్ట్, యూటర్న్

హైదరాబాద్ డ్రైవరుకు ఫ్రీ లెఫ్ట్ జన్మహక్కు. సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఎడమకు తిరిగే దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి, లేకపోతే వెనక నుంచి హారన్ల కచేరీ. ఎడమ అంచున వెళ్లే సైకిల్‌కు అదే గండం. తిన్నగా పోవాల్సిన సైకిల్ సిగ్నల్ దగ్గర ఎడమ పక్కన ఆగితే ఫ్రీ లెఫ్ట్ వాళ్లకు అడ్డం. కుడికి జరిగి ఆగితే తిన్నగా పోయే కార్ల మధ్య ఇరుకు. ఎటు నిలబడ్డా ఎవరో ఒకరికి కోపం. కదిలాక ఇంకో ఆపద: తిన్నగా పోతున్న సైకిల్‌ను దాటి, వెంటనే దాని ముక్కు ముందు ఎడమకు తిప్పేసే కార్లు. దాటడానికి రెండు సెకన్లు, తిప్పడానికి ఇంకో రెండు. సైకిల్ వేగం మనం అనుకున్నంత తక్కువేం కాదు. తొక్కే అలవాటున్నవాడు గంటకు 15 కిలోమీటర్లు తేలిగ్గా పోతాడు, అంటే సెకనుకు నాలుగు మీటర్ల పైన. ఆ నాలుగు సెకన్లలో అతను సరిగ్గా మీ ఎడమ తలుపు దగ్గరికి వస్తాడు.

యూటర్న్ కథ ఇంకా పెద్దది. కొన్నేళ్లుగా నగరంలో చాలా కూడళ్లను మూసి, కుడికి తిరగాలన్నా అడ్డంగా దాటాలన్నా ముందుకెళ్లి యూటర్న్ తీసుకోమంటున్నారు. ఇంజను ఉన్నవాడికి అది ఒక నిమిషం, రెండు చుక్కల పెట్రోలు. సైకిల్‌కు? మొదట ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా, ఊపు మీద వచ్చే మూడు వరసల బండ్లను కోసుకుంటూ పోవాలి. డివైడరు దగ్గర ఒంటికాలు మోపి నిలబడాలి. మలుపు తిరిగాక మళ్లీ కుడి నుంచి ఎడమకు అదే ఈత. ఇదంతా చేసి తిరిగొచ్చేసరికి అర కిలోమీటరు పైనే అదనం, అదీ కాళ్ల మీద.

కాబట్టి ఏం చేస్తాడు? ఆ రెండు వందల గజాలు ఎదురు దిక్కున, అంచు పట్టుకుని వెళ్లిపోతాడు. మన భాషలో రాంగ్ రూట్. అది తప్పే. ఎదురుగా వచ్చే వేగానికి తన వేగం కలుస్తుంది, సందులోంచి బయటికొచ్చే కారు డ్రైవరు ఆ పక్కకు చూడనే చూడడు. చీకట్లో లైటు లేకుండా అయితే కోరి చావును పిలవడమే. ఈ మాట టీ అన్నకు కూడా చెప్పాను.

"మీరు జెప్పింది కరెక్టే సార్. గానీ ఆ యూటర్న్ కాడ ఒక్కపారి నాతోని రాండ్రి" అన్నాడు.

వెళ్లాను. సైకిల్ తోసుకుంటూ జీబ్రా గీతల మీద దాటడం మేలని అక్కడ తేలింది. దిగి నడిపిస్తే మనం పాదచారులం, ఎవరూ కాదనలేరు. గీతలు ఆ కూడలికి చాలా ముందున్నాయి, కొంత చెరిగిపోయి ఉన్నాయి. అయినా పని చేశాయి. తర్వాత ఆయన అలాగే చేస్తున్నాడా అంటే, రద్దీ ఉన్నప్పుడు చేస్తున్నాడు. రాత్రి పదకొండుకు చేస్తున్నాడని నేను ప్రమాణం చేయలేను.

తప్పు ఎవరిదో తేల్చడం తేలిక. ఒక మనిషి రోజూ అదే తప్పు అదే చోట చేస్తున్నాడంటే అక్కడి రోడ్డును కూడా ఒకసారి పిలిచి అడగాలి కదా.

స్టీరింగు వెనక నుంచి

మా కాలనీలో ఆర్టీసీలో రిటైరైన డ్రైవరు ఒకాయన ఉన్నారు. సైకిల్ పక్షాన నేను చేస్తున్న వకాల్తా విని నవ్వారు.

"తమ్మీ, ఒక్కసారి నా సీట్ల కూసోని చూడు, అప్పుడు రాయి" అన్నారు. "బస్సు ముందల ఎడమ మూల, డోర్ కింద, నాకు గోడ ఉన్నట్టే లెక్క. అద్దం ఉంటది, ఉండకేం. ఆ అద్దంల స్టాపుల ఎక్కెటోళ్లను చూడాల్నా, దిగెటోళ్లను చూడాల్నా, దూరే ఆటోను చూడాల్నా, చెవుల తీగలు పెట్టుకోని వచ్చే నీ సైకిల్ పోరన్ని చూడాల్నా?"

ఆయన చెప్పినవాటిలో ఒకటి నాకు బొత్తిగా తెలియదు. పొడుగు బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. బస్సు ముందు భాగం తనను దాటి వెళ్లిపోయింది, ఇక గండం గడిచిందని సైకిల్ వాడు అనుకునే క్షణంలోనే వెనక భాగం అతని మీదికి జరుగుతుంది. లారీ, టిప్పర్, కాంక్రీటు కలిపే బండి, అన్నింటిదీ అదే నడక. కాబట్టి ఎడమ ఇండికేటరు వేసిన బస్సుకు ఎడమ పక్క ఖాళీ ఉంటే అది దారి కాదు, ఉచ్చు. వెనకే ఆగాలి. సిగ్నల్ దగ్గరైతే పూర్తిగా ముందుకెళ్లి డ్రైవరు ముఖం మనకు కనబడే చోట నిలబడాలి. "నా కండ్లు నీకు కనబడ్డయంటే నువ్వు నాకు కనబడ్డట్టు" అన్నారాయన. డ్రైవింగ్ స్కూళ్లలో ఎన్ని చెప్పినా ఇంత పొందికగా చెప్పరు.

డ్రైవర్ల మిగతా ఫిర్యాదులూ న్యాయమైనవే. లైట్లు ఉండవు. వీధి దీపం ఉన్నచోట మనకు అంతా కనబడుతోంది కనుక మనమూ కనబడుతున్నాం అనుకుంటాం, రెండూ ఒకటి కాదు. ఎదుటి హెడ్‌లైట్ల వెలుగులో నల్ల చొక్కా, నల్ల సైకిల్ తారులో కలిసిపోతాయి. చెయ్యి చూపకుండా తిరుగుతారు. ఇద్దరు స్నేహితులు పక్కపక్కనే కబుర్లాడుకుంటూ పోతారు. డెలివరీ పిల్లలు ఫోను హ్యాండిల్‌కు కట్టుకుని మ్యాపు చూస్తూ తొక్కుతారు, ఆలస్యమైతే వాళ్ల పొట్ట మీద పడుతుంది కాబట్టి వాళ్ల కన్ను రోడ్డు మీద కన్నా గడియారం మీద ఎక్కువ. వానలో రిమ్ము బ్రేకు సగమే పట్టుతుందన్నది తొక్కేవాళ్లే మరిచిపోతారు.

ఇవన్నీ ఒప్పుకుంటూనే ఒక తేడా చెప్పాలి. సైకిల్ వాడు తన తప్పుకు తన ఎముకతో కడతాడు. నా తప్పుకు కూడా అతనే కడతాడు.

ముప్పై, అరవై

ముప్పైకి రెట్టింపు అరవై. ప్రమాదం మాత్రం రెట్టింపు కాదు. వేగం రెండింతలైతే గుద్దుకునే శక్తి నాలుగింతలవుతుంది, బడిలో చెప్పే లెక్కే. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్న కారు ముందు సైకిల్ పడిందనుకోండి. కంటికి కనబడి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను. ఈలోగా కారు ఎనిమిది మీటర్లు పోతుంది. పొడి రోడ్డు, మంచి బ్రేకులు అయితే ఇంకో అయిదు మీటర్లలో ఆగుతుంది. మొత్తం పదమూడు. అదే అరవైలో అయితే ఆ సెకనులోనే దాదాపు పదిహేడు మీటర్లు పోతుంది, బ్రేకు పడ్డాక ఇంకో ఇరవై. అంటే ముప్పైలో వస్తున్న కారు పూర్తిగా ఆగిపోయి ఉండే చోటుకు, అరవైలో వస్తున్న కారు డ్రైవరు కాలు ఇంకా బ్రేకు మీద పడకముందే, అదే అరవైతో చేరుతుంది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాలు కూర్చుని, నడిచేవాళ్లూ సైకిల్ వాళ్లూ మోటారు బండ్లతో కలిసి తిరిగే చోట 30 దాటకూడదని రాసుకున్నది ఇందుకే.

పగలు నగరంలో సగటున ముప్పైలో పోగలిగితే అదృష్టం అంటారు మీరు. ఒప్పుకుంటాను. అసలు భయం రాత్రిది. పదిన్నర దాటాక అవే రోడ్లు ఖాళీ అవుతాయి, పగలంతా పేరుకున్న విసుగంతా యాక్సిలరేటరు మీదికి దిగుతుంది. సరిగ్గా అప్పుడే టీ అన్న, వాచ్‌మన్, హోటల్ మూసి ఇంటికి పోయే వంటవాళ్లు రోడ్డు మీద ఉంటారు. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా స్టీలు వంతెన తెరిచాక పైన కార్లు జోరుగా పోతున్నాయి. వంతెన దిగిన కారు ఆ జోరును పైనే వదిలి రాదు కదా.

కప్పున్న దారి

న్యాయంగా చెప్పాలంటే, సైకిల్ కోసం దేశంలో ఎక్కడా లేనంత హంగుగా మన దగ్గర ఒకటి కట్టారు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. 2023 అక్టోబరు 1న తెరిచారు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒక పాయ, నానక్‌రామ్‌గూడ వైపు మరో పాయ. నేను తొక్కాను. ఎండ తగలదు, హారన్ వినబడదు, కారు తలుపు భయం లేదు. స్వర్గం అంటే అలాగే ఉంటుందేమో. స్వర్గంలాగే, అక్కడికి వెళ్లాలంటే ఒక చిక్కు ఉంది. నేను సైకిల్‌ను కారులో వేసుకుని వెళ్లాను.

దాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. పిల్లలు భయం లేకుండా నేర్చుకునే చోటు ఒకటి ఉండాలి. విశాఖలో పొద్దున్నే బీచ్ రోడ్డును బండ్లకు మూసేసినప్పుడు నగరానికి ఎంత ఊపిరాడుతుందో చూసినవాళ్లకు తెలుసు. 2015 ఆగస్టులో మన ఐటీ కారిడార్‌లో 'కార్ ఫ్రీ థర్స్‌డే' మొదలుపెట్టినప్పుడు నేనూ ఉత్సాహంగా వార్త రాశాను. 2020లో కేంద్రం పెట్టిన సైకిల్ పోటీలో గెలిచిన పదకొండు నగరాల్లో వరంగల్ కూడా ఉంది. మనకు మనసు లేదని ఎవరూ అనలేరు. ఆ మనసు వ్యాయామం కోసం తొక్కేవాళ్ల దగ్గర ఆగిపోతోంది, బతుకు కోసం తొక్కేవాళ్ల దాకా రావడం లేదు. కోల్‌కతాలో అయితే 2013లో ఏకంగా 174 రోడ్ల మీద సైకిల్‌నే నిషేధించారు, ట్రాఫిక్‌కు అడ్డమని. సైకిల్ కూడా ట్రాఫిక్కేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

2021లో మన నగరంలోనే జరిగిన ముచ్చట మీకు గుర్తుండే ఉంటుంది. వానలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి వేడి చల్లారకముందే ఆర్డరు అందించిన డెలివరీ కుర్రాణ్ని చూసి కదిలిపోయిన ఒక కస్టమరు, నెట్‌లో చందాలు పోగుచేసి అతనికి మోటారు బండి కొనిచ్చారు. మంచి మనసు, అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ చప్పట్లలో ఒక ఒప్పుకోలు వినిపిస్తోంది. సైకిల్ మీదున్న మనిషికి మనం ఇవ్వగలిగిన పెద్ద బహుమతి అతణ్ని సైకిల్ మీద నుంచి దించడమే అని.

పడ్డ తర్వాత

టీ అన్న మోకాలు వారంలో మానింది. మానకపోయి ఉంటే? ఈ విషయాలు చాలామంది సైకిల్ వాళ్లకు తెలియవు, కాబట్టి మీ ఇంటికి పేపరో పాలో తెచ్చేవాళ్లకు నోటితో చెప్పండి.

సైకిల్‌కు ఇన్సూరెన్స్ లేదు కదా, మనకేం వస్తుందని చాలామంది కేసు పెట్టరు. గుద్దిన మోటారు బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి. పరిహారం అందులోంచే వస్తుంది, దానికి మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్ ఉంది. ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి కాగితాలు ముఖ్యం, సైకిల్‌కు ఏ కాగితమూ అక్కర్లేదు. గుద్దినవాడు ఆగకుండా పారిపోయి దొరక్కపోయినా, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం కింద ప్రాణం పోతే రెండు లక్షలు, తీవ్ర గాయమైతే యాభై వేలు ఇస్తారు. 2025 మే నెలలో కేంద్రం ఇంకోటి తెచ్చింది. మోటారు వాహనం వల్ల ప్రమాదం జరిగితే, గాయపడింది ఎవరైనా సరే, పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు కట్టకుండా చికిత్స. పడ్డవాణ్ని ఆసుపత్రికి చేర్చినవాణ్ని కేసుల్లో తిప్పకూడదని మోటారు వాహనాల చట్టంలోనే 134ఎ సెక్షన్ ఉంది.

ఆ రోజు చిక్కడపల్లిలో ఇవేవీ నాకు గుర్తు రాలేదు. జేబులో ఉన్నవి తీసి ఇవ్వబోయాను. టీ అన్న ఒక్క వంద నోటు తీసుకుని, వంగిన పెడలుకు ఎనభై అయితే ఇరవై మర్నాడు తిరిగిచ్చాడు.

మొన్న ఆయనకు ఒక చిన్న ఎర్ర లైటు కొనిచ్చాను. బ్యాటరీది, మినుకుమినుకుమంటూ వెలుగుతుంది, వెనక మడ్‌గార్డుకు బిగించుకోమని చెప్పాను. రెండు రోజుల తర్వాత అశోక్‌నగర్ వెళ్లేసరికి అది హ్యాండిల్ మీద, ముందుకు చూస్తూ మెరుస్తోంది.

"వెనక పెట్టుకోమన్న కదే!" అన్నాను.

"వెనకోళ్లు హారనన్న కొడ్తరు సార్. ముందల నుంచి రాంగ్ రూట్ల ఒచ్చే మోటార్‌సైకిల్ పోరగాండ్లు అది గూడ కొట్టరు" అన్నాడు, గ్లాసులో చాయ్ పడుతూ. ఒక్క క్షణం ఆగి, "నేను గూడ అప్పుడప్పుడు అట్లనే ఒస్త గద" అని తనే నవ్వాడు.

మర్నాడు రెండు లైట్లు తీసుకెళ్లాను, ముందుకు తెల్లది, వెనక్కు ఇంకో ఎర్రది. తెల్లదాన్ని హ్యాండిల్ మీద బిగించి, ఎర్రవి రెండూ వెనక్కు మార్చాడు, ఒకటి మడ్‌గార్డుకు, ఒకటి టీ క్యాను మీద. ఆ రోజు చాయ్ డబ్బులు తీసుకోలేదు.